ల్యాప్‌టాప్‌లో డీడీ ఫ్రీ డిష్: టవర్ లేని ఊళ్ళకి వెళ్ళేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

పాడేరు అవతల, చింతూరు, మారేడుమిల్లి, ఉట్నూరు, నల్లమల లోపలి గూడేలు, ఇలాంటి చోట్లకి డ్యూటీ మీద వెళ్ళే టీచర్లు, హెల్త్ క్యాంపుల వాళ్ళు, సర్వే వాళ్ళు, ఎలక్షన్ డ్యూటీ పడ్డవాళ్ళు, కారేసుకుని తిరగడానికి వెళ్ళేవాళ్ళు కూడా, అందరూ అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే కాబట్టి అన్నీ ఒకచోట పెడుతున్నా. ఇది నెట్‌లో టీవీ చూడటం గురించి కాదు, పైనుంచి శాటిలైట్ ద్వారా ఫ్రీగా పడే సిగ్నల్‌ని ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకోవడం గురించి.

ఇంటర్నెట్ లేకుండా ల్యాప్‌టాప్‌లో లైవ్ టీవీ నిజంగా వస్తుందా?

వస్తుంది. ఫోన్‌లో ఒక్క గీత సిగ్నల్ లేకపోయినా వస్తుంది, ఎందుకంటే దీనికి సెల్ టవర్‌తో సంబంధమే లేదు. డీడీ ఫ్రీ డిష్ అంటే దూరదర్శన్ వాళ్ళ ఉచిత డిష్ సర్వీస్, దాని సిగ్నల్ జీశాట్-15 అనే శాటిలైట్ నుంచి దేశం మొత్తం మీద పడుతుంది, హైదరాబాద్‌లో మేడ మీద ఎంత పడుతుందో లంబసింగి కొండ మీద కూడా దాదాపు అంతే పడుతుంది. కావాల్సింది ఒక డిష్, దాని ముందు సిగ్నల్ పట్టుకునే ఎల్ఎన్‌బీ అనే ముక్క, కేబుల్, ఆ సిగ్నల్‌ని ల్యాప్‌టాప్‌కి అర్థమయ్యేలా మార్చే ఒక చిన్న డబ్బా. అంతే.

ఆన్‌లైన్‌లో చిన్న యాంటెనా ఉన్న యూఎస్‌బీ టీవీ స్టిక్ దొరుకుతుంది కదా, అది పెడితే పోలా?

పోదు, దయచేసి దాని మీద డబ్బులు పెట్టకండి. ఆ స్టిక్‌లు నేల మీది టవర్ల నుంచి వచ్చే టీవీ సిగ్నల్ కోసం చేసినవి, మన దగ్గర ఒకప్పుడు మేడ మీద అల్యూమినియం యాంటెనా పెట్టి చూసిన దూరదర్శన్ అదే. ఆ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లని దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతి 2022 మార్చి కల్లా దాదాపు అన్నీ ఆపేసింది, సరిహద్దుల్లాంటి ముఖ్యమైన చోట్ల కొన్ని మాత్రమే ఉంచింది. డిజిటల్ టెరెస్ట్రియల్ 2016లో మొదలైంది గానీ అది పెద్ద పెద్ద సిటీలకే, పైగా అది డీవీబీ-టీ2 అనే కొత్త పద్ధతి, చవక స్టిక్‌ల్లో చాలావరకు పాత డీవీబీ-టీ మాత్రమే ఉంటుంది. ఏజెన్సీలో అది పట్టుకోడానికి గాల్లో ఏమీ లేదు. మీరు కొనాల్సిన డబ్బా మీద డీవీబీ-ఎస్2 అని రాసి ఉండాలి, ఆ 'ఎస్' అక్షరమే శాటిలైట్.

ఫ్రీ డిష్‌కి నెలకి ఎంత కట్టాలి?

ఏమీ కట్టక్కర్లేదు. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైనప్పటి నుంచీ నెల చార్జీ లేదు. డిష్, బాక్స్ కలిపి ఒకసారి పెట్టే రెండు వేలు, అటూ ఇటూగా, అంతే ఖర్చు. రీచార్జ్ లేదు, ఓటీపీ లేదు, ఆధార్ లేదు.

నా దగ్గర ఫ్రీ డిష్ సెట్‌టాప్ బాక్స్ ఉంది, దాని హెచ్‌డీఎంఐ వైర్ ల్యాప్‌టాప్‌కి గుచ్చితే బొమ్మ రాలేదు, ఎందుకు?

ఈ ప్రశ్న అందరికన్నా ఎక్కువమంది అడుగుతారు. ల్యాప్‌టాప్‌కి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్ట్ బయటకి పంపడానికి మాత్రమే, లోపలికి తీసుకోడానికి కాదు. మీ ల్యాప్‌టాప్ బొమ్మని టీవీలో చూపిస్తుంది గానీ వేరే బాక్స్ బొమ్మని తను చూపించదు. రెండు వైపులా పిన్ ఒకటే కాబట్టి అందరూ ఇక్కడే పొరబడతారు.

దీనికి మధ్యలో ఒక యూఎస్‌బీ క్యాప్చర్ కార్డ్ కావాలి. బాక్స్‌కి హెచ్‌డీఎంఐ ఉంటే హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డ్, పసుపు ఎరుపు తెలుపు పిన్నుల ఏవీ మాత్రమే ఉంటే ఏవీ క్యాప్చర్ కార్డ్. ఫ్రీ డిష్‌లో ఛానల్స్ ఎక్కువ శాతం ఎస్‌డీ (హెచ్‌డీ కాని మామూలు) క్వాలిటీయే కాబట్టి ఏవీ కార్డ్‌తో చూసినా పెద్దగా పోయేదేం లేదు. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీ గానీ ఓబీఎస్ గానీ తెరిచి క్యాప్చర్ డివైస్ సెలెక్ట్ చేయాలి, చాలామందికి బొమ్మ వచ్చి సౌండ్ రాదు, అప్పుడు ఆడియో డివైస్ కూడా అదే కార్డ్ అని విడిగా సెలెక్ట్ చేయాలి, కంగారు పడి కార్డ్ పాడైందని వాపస్ ఇవ్వకండి.

క్యాప్చర్ కార్డా, డీవీబీ-ఎస్2 ట్యూనరా, ఏది కొనాలి?

ఇంట్లో సెట్‌టాప్ బాక్స్ ఇప్పటికే ఉండి, అప్పుడప్పుడూ వెళ్ళేవాళ్ళయితే క్యాప్చర్ కార్డ్ చాలు, చవక, సెట్టింగులు తక్కువ. బాక్స్ రిమోట్‌తోనే ఛానల్స్ మారతాయి.

తరచుగా వెళ్ళేవాళ్ళు, రికార్డింగ్ కావాలనుకునేవాళ్ళు డీవీబీ-ఎస్2 యూఎస్‌బీ ట్యూనర్ తీసుకోండి. డిష్ వైర్ నేరుగా దాంట్లోకి వెళ్తుంది, సెట్‌టాప్ బాక్స్ అవసరమే లేదు, శాటిలైట్ నుంచి వచ్చిన డేటా అలాగే ల్యాప్‌టాప్‌లోకి వస్తుంది. ఒక్కటి చూసుకోండి, దాంతో పాటు 12 వోల్ట్ అడాప్టర్ వస్తుందా లేదా అని. డిష్ మీదున్న ఎల్ఎన్‌బీకి 13 నుంచి 18 వోల్టుల కరెంట్ ఈ ట్యూనరే వైర్ ద్వారా పంపాలి, యూఎస్‌బీ పోర్ట్ ఇచ్చేది 5 వోల్ట్ మాత్రమే, అందుకే బయటి పవర్ కావాలి.

మూడో దారి కూడా ఒకటుంది, శాట్-ఐపీ బాక్స్. అది డిష్ సిగ్నల్‌ని వైఫై లేదా ల్యాన్ మీద పంచుతుంది, డ్రైవర్ల గొడవ ఉండదు, ఒకరు ల్యాప్‌టాప్‌లో ఇంకొకరు ఫోన్‌లో చూసుకోవచ్చు. ఖరీదు ఎక్కువే, కానీ క్యాంపుకి నలుగురైదుగురు వెళ్ళేటట్టయితే నా ఓటు దీనికే.

డిష్ ఎటు తిప్పాలి? మాకు ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతుంది.

దీనికి కాస్త ఓపిగ్గా చదవండి, ఇది వచ్చేస్తే మిగతాదంతా తేలికే.

జీశాట్-15 ఉండేది తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర, భూమధ్యరేఖకి పైన 36 వేల కిలోమీటర్ల ఎత్తులో. మన తెలుగు రాష్ట్రాల నుంచి చూస్తే అది ఆగ్నేయం వైపు వస్తుంది. హైదరాబాద్, శ్రీశైలం దగ్గర కంపాస్‌లో సుమారు 138 డిగ్రీలు, అంటే దాదాపు కచ్చితంగా ఆగ్నేయ మూల. అరకు వైపు వెళ్తే మనమే తూర్పుకి జరిగినట్టు కాబట్టి అది దక్షిణం వైపుకి జరిగి 149 డిగ్రీల దగ్గరకి వస్తుంది. ఎత్తు హైదరాబాద్‌లో 63 డిగ్రీలు, అరకులో 65, అంటే నడినెత్తికి దగ్గరగా ఉన్నట్టే. ఇది మనకి పెద్ద వరం, లోయలో ఉన్నా కొండ అడ్డం రావడం తక్కువ. లడఖ్ వెళ్ళేవాళ్ళకి మాత్రం లేహ్‌లో అది 47 డిగ్రీలకి దిగిపోతుంది, అక్కడ కొండలు చూసుకోవాలి.

కొండ అడ్డం రాకపోయినా చెట్టు వస్తుంది. ఆకుల్లోంచి ఈ సిగ్నల్ దూరదు, అందులోనూ తడి ఆకులైతే అసలు దూరదు. చింతచెట్టు కింద నీడ బాగుందని డిష్ పెట్టి గంటసేపు తిప్పేవాళ్ళని చాలామందిని చూశా. ఆగ్నేయం వైపు పైకి చూస్తే ఖాళీ ఆకాశం కనపడాలి, అది మొదటి షరతు.

డిష్ మొహం చూసి ఎత్తు అంచనా వేయకండి. మన దగ్గర దొరికేవన్నీ ఆఫ్‌సెట్ డిష్‌లు (ఎల్ఎన్‌బీ మధ్యలో కాకుండా కింది అంచు వైపు ఉండేవి), అవి చూడ్డానికి 25 డిగ్రీల దాకా తక్కువ ఎత్తుకి చూస్తున్నట్టు కనపడతాయి. వెనకాల బ్రాకెట్ మీద ఉన్న స్కేలునే నమ్మండి, కానీ ఆ స్కేలు కరెక్ట్‌గా చెప్పాలంటే డిష్ పెట్టిన రాడ్డు నిలువుగా ఉండాలి, రాడ్డు వంగి ఉంటే స్కేలు అబద్ధం చెప్తుంది. ఫోన్‌లో లెవెల్ చూపించే యాప్‌తో రాడ్డు నిలువు చూసుకోండి. స్టాండ్ కాళ్ళ మీద రాళ్ళో ఇసుక సంచులో పెట్టండి, కొండ మీద గాలి సంగతి తెలిసిందే కదా.

తర్వాత ఎల్ఎన్‌బీ మెలిక. దీన్ని ఎవరూ చెప్పరు. శాటిలైట్ మనకి నేరుగా దక్షిణాన లేదు కాబట్టి ఎల్ఎన్‌బీని కూడా తిప్పాలి, డిష్ వెనక నిలబడి శాటిలైట్ వైపు చూస్తూ ఉంటే గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలో, హైదరాబాద్‌లో 40 డిగ్రీలు, అరకులో 29 డిగ్రీల దాకా. చివరి సర్దుబాటు సిగ్నల్ క్వాలిటీ చూస్తూ చేయాలి.

ఇప్పుడు ఎత్తు ఫిక్స్ చేసి, దిక్కు వైపు మాత్రం వేలెడంత వేలెడంత కదపండి. కదిపాక రెండు మూడు సెకన్లు ఆగండి, ట్యూనర్ లాక్ అవ్వడానికి ఆ టైమ్ పడుతుంది, గబగబా తిప్పితే శాటిలైట్‌ని దాటిపోయినా తెలియదు. కంపాస్ చూసేటప్పుడు కారు నుంచి, ఇనప డిష్ నుంచి నాలుగడుగులు దూరంగా నిలబడి చూడండి, ఇనుము పక్కన అది తప్పు చూపిస్తుంది.

ఇంతకన్నా ఈజీ పద్ధతి లేదా?

ఉంది, ఊళ్ళో ఇళ్ళ మీద చూడండి. ఫ్రీ డిష్ ఉన్న ఇల్లు ఒకటి కనిపిస్తే ఆ డిష్ ఎటు చూస్తుందో మీది కూడా అటే. సన్ డైరెక్ట్ డిష్ కూడా ఇంచుమించు అదే వైపు చూస్తుంది. హోమ్‌స్టేలోనో హాస్టల్‌లోనో ఫ్రీ డిష్ ఇప్పటికే ఉంటే డిష్ మోసుకెళ్ళాల్సిన పనే లేదు, ఇంటివాళ్ళని అడిగి వాళ్ళు చూడని టైమ్‌లో బాక్స్ వెనక వైరు మీ ట్యూనర్‌కి పెట్టుకోండి, వెళ్ళేముందు మళ్ళీ వాళ్ళ బాక్స్‌కి పెట్టి ఛానల్ వస్తోందని చూపించి రండి. ఆ ఇంట్లో ముసలాయనకి సాయంత్రం వార్తలు రాకపోతే అది మనవల్ల కాకూడదు.

సిగ్నల్ స్ట్రెంగ్త్ 80 శాతం చూపిస్తోంది, స్కాన్ చేస్తే ఒక్క ఛానల్ రావట్లేదు.

రెండు కారణాలు. మొదటిది, స్ట్రెంగ్త్ అంటే వైర్‌లో ఏదో ఒకటి వస్తోంది అని మాత్రమే, ఎల్ఎన్‌బీకి కరెంట్ అందితే చాలు అది పెరుగుతుంది. చూడాల్సింది క్వాలిటీ. రెండోది, పక్క శాటిలైట్. డిష్ టీవీ వాళ్ళ శాటిలైట్ 95 డిగ్రీల దగ్గరుంది, మనకి కావాల్సిన దానికి ఒకటిన్నర డిగ్రీ దూరం, 60 సెంటీమీటర్ల డిష్ చూసే వెడల్పే దాదాపు మూడు డిగ్రీలు. కాబట్టి వెంట్రుకవాసి తేడాతో దాని మీదకి వెళ్ళిపోవడం మామూలే. దిక్కుని కొద్దిగా కుడివైపుకి, అంటే దక్షిణం వైపుకి జరిపి మళ్ళీ చూడండి.

అప్పటికీ రాకపోతే డిష్ వైరు చివర బిగించే ఎఫ్ పిన్ విప్పి చూడండి. పైన అల్లిన జాలీ వైరులో ఒక్క పోగు మధ్య రాగి తీగకి తగిలినా షార్ట్ అయి ఎల్ఎన్‌బీకి కరెంట్ వెళ్ళదు. అడవిలో ఇది ఎక్కువగా జరిగేది ఎందుకంటే వైరు ఊరికే చుట్టి విప్పి చేస్తుంటాం, ఒక రెండు పిన్నులు, చిన్న కత్తి ఎప్పుడూ బ్యాగులో ఉండాలి.

సాఫ్ట్‌వేర్ ఏది, సెట్టింగులు ఏం పెట్టాలి?

విండోస్‌లో డీవీబీవ్యూయర్, ప్రోగ్‌డీవీబీ లాంటివి, లినక్స్‌లో కాఫైన్, టీవీహెడ్‌ఎండ్. మ్యాక్ వాళ్ళకి శాట్-ఐపీయే మంచిది. ఎల్ఎన్‌బీ టైప్ యూనివర్సల్, 9750 - 10600 పెట్టండి. మొదటి స్కాన్‌కి 11090 ఫ్రీక్వెన్సీ, వర్టికల్, సింబల్ రేట్ 29500 ఇవ్వండి, తర్వాత అదే సింబల్ రేట్‌తో 11170, 11470. కొన్ని ఛానల్స్ వీడియోని కుదించే పాత పద్ధతి ఎంపెగ్-2లో, కొన్ని కొత్త ఎంపెగ్-4లో వస్తాయి, డీవీబీ-ఎస్2 ట్యూనర్ రెండూ పట్టుకుంటుంది. డైసెక్ (ఒకటికన్నా ఎక్కువ ఎల్ఎన్‌బీలు ఉంటే వాడే స్విచ్) అని అడిగితే ఏమీ లేదు అని పెట్టండి.

ఇవన్నీ ఇంట్లో ఉండగానే డౌన్‌లోడ్ చేసి, డ్రైవర్లు ఎక్కించి, మేడ మీద ఒకసారి టెస్ట్ చేసి బయల్దేరండి. టవర్ లేని చోట డ్రైవర్ ఎక్కడి నుంచి తెస్తారు?

టాటా ప్లే కార్డ్ ఈ ట్యూనర్‌లో పెట్టి చూడొచ్చా?

కుదరదు. పే ఛానల్స్ లాక్ వేసి వస్తాయి, వాళ్ళ బాక్స్‌లోనే తెరుచుకుంటాయి. దొంగదారులు అడగొద్దు.

తెలుగు ఛానల్స్ ఏమొస్తాయి?

ఆంధ్రప్రదేశ్‌కి డీడీ సప్తగిరి, తెలంగాణకి డీడీ యాదగిరి కచ్చితంగా ఉంటాయి. ప్రైవేటు ఛానల్స్ వేలంలో స్లాట్ కొనుక్కుని వస్తాయి కాబట్టి ఏడాదికోసారి మారిపోతుంటాయి, అందులో ఎక్కువ హిందీవే. ఆకాశవాణి రేడియో ఛానల్స్ కూడా అదే డిష్‌లో వస్తాయి, స్కాన్‌లో రేడియో ఆప్షన్ టిక్ పెట్టడం మర్చిపోకండి, బొమ్మ లేకుండా వినడానికి బ్యాటరీ కూడా తక్కువ తింటుంది.

క్రికెట్ వస్తుందా?

ఇండియా ఆడే ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్‌ని హక్కులున్న ప్రైవేటు ఛానల్ ప్రసార భారతికి కూడా ఇవ్వాలని 2007లో చట్టం వచ్చింది. 2017లో సుప్రీంకోర్టు ఆ సిగ్నల్ దూరదర్శన్ సొంత టెరెస్ట్రియల్‌కి, ఫ్రీ డిష్‌కి మాత్రమే, ప్రైవేటు కేబుల్, డీటీహెచ్‌లకి కాదు అని చెప్పింది. అందుకే వేలకి వేలు కట్టిన డీటీహెచ్‌లో డీడీ పెడితే రాని మ్యాచ్ ఫ్రీ డిష్‌లో వస్తుంటుంది. ఐపీఎల్ ఇందులోకి రాదు, అది ప్రైవేటు లీగ్. బయల్దేరేముందు డీడీ స్పోర్ట్స్ షెడ్యూల్ ఒకసారి చూసుకుని వెళ్ళండి.

కరెంట్ లేని చోట ఎంతసేపు నడుస్తుంది?

ల్యాప్‌టాప్ 40 వాట్లు, ట్యూనర్, ఎల్ఎన్‌బీ కలిపి 10 వాట్లు అనుకుందాం, రెండు గంటలకి 100 వాట్ అవర్లు. కారు బ్యాటరీ మామూలుగా 500 వాట్ అవర్ల పైన ఉంటుంది గానీ అందులో నాలుగో వంతు దాటి వాడకండి, పొద్దున్నే బండి స్టార్ట్ అవ్వకపోతే ఆ అడవిలో తోసేవాళ్ళు ఉండరు. ట్యూనర్ ఎలాగూ 12 వోల్టే కాబట్టి సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి నేరుగా ఇవ్వొచ్చు, ఇన్వర్టర్ పెట్టి 230 చేసి మళ్ళీ అడాప్టర్‌తో 12 చేయడం శుద్ధ దండగ. బైక్ మీద వెళ్ళేవాళ్ళు 12 వోల్ట్ అవుట్‌పుట్ ఉన్న పవర్ బ్యాంక్ తీసుకోండి.

డిష్ ఎంత సైజు, వాన పడితే పోతుందా?

60 - 65 సెంటీమీటర్లది తీసుకోండి. 45ది కారు డిక్కీలో సుఖంగా పడుతుంది, ఆకాశం తేటగా ఉన్నప్పుడు నడిచిపోతుంది, కానీ మబ్బు పట్టిందంటే మొదట పోయేది అదే. ఈ కేయూ బ్యాండ్ సిగ్నల్‌ని వాన చినుకులు మింగేస్తాయి, జడివాన అయితే ఏ డిష్ అయినా పది పదిహేను నిమిషాలు ఆగుతుంది, వాన తగ్గగానే దానంతటదే వస్తుంది, ఆ టైమ్‌లో డిష్ తిప్పకండి. తిప్పారంటే వాన తగ్గాక కూడా రాదు.

కదులుతున్న కార్లో, రైల్లో చూడొచ్చా?

లేదు. డిగ్రీ తేడా వస్తేనే బొమ్మ పోతుంది. దానంతట అదే తిరిగే యాంటెనాలు ఉన్నాయి, మనలాంటివాళ్ళు కొనేవి కావు.

రికార్డ్ చేసుకోవచ్చా?

ట్యూనర్ ఉంటే బటన్ నొక్కితే చాలు, ఎస్‌డీ ఛానల్ గంటకి ఒకటి నుంచి రెండు జీబీ అవుతుంది, వీఎల్‌సీలో తెరుచుకుంటుంది. మీరు చూసుకోడానికి చేసుకోండి, యూట్యూబ్‌లో పెట్టకండి.

పోలీసులు, ఫారెస్ట్ వాళ్ళు ఆపుతారా?

డిష్ కేవలం సిగ్నల్ తీసుకునేదే, ఏమీ పంపదు, టీవీ చూడటానికి లైసెన్స్ లేదు. శాటిలైట్ ఫోన్ మాత్రం పూర్తిగా వేరే కథ, థురాయా, ఇరిడియం లాంటివి పర్మిషన్ లేకుండా మన దేశంలో పెట్టుకోకూడదు, విదేశాల నుంచి వచ్చే చుట్టాలకి ముందే చెప్పండి. అడిగితే ఇది ఫ్రీ డిష్ సార్ అని చూపించండి. టైగర్ రిజర్వ్ లోపల రాత్రి ఉండటానికే పర్మిషన్ కావాలి, అది ఉన్నా సరే సౌండ్ ఇయర్‌ఫోన్స్‌లోనే పెట్టుకోండి, అడవిలో మనం అతిథులం.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉంటున్నాం, క్యాంపింగ్‌కి వెళ్ళినప్పుడు ఇదే సెట్ పనికొస్తుందా?

రాదు. అమెరికాలో నేల టవర్లే ఇంకా బాగా బతికున్నాయి, 2009లో అనలాగ్ ఆపేసి డిజిటల్ చేశారు, అక్కడ ఏటీఎస్‌సీ (వాళ్ళ డిజిటల్ టీవీ పద్ధతి) యూఎస్‌బీ ట్యూనర్, ఒక యాంటెనా చాలు, లోకల్ ఛానల్స్ ఫ్రీ, కాకపోతే పెద్ద నేషనల్ పార్కుల లోపల టవర్ దూరమైపోతుంది, తెలుగు ఛానల్స్ ఎలాగూ ఉండవు. ఆస్ట్రేలియాలో మారుమూల ప్రాంతాల కోసం వాస్ట్ అని శాటిలైట్ సర్వీస్ ఉంది, కారవాన్‌లో తిరిగేవాళ్ళు కూడా అప్లై చేసుకోవచ్చు, వాళ్ళ బాక్స్, వాళ్ళ కార్డ్ కావాలి.

ఫోన్‌లో డేటా ఉంటే సరిపోదా, ఇంత సామాను ఎందుకు?

డేటా ఉన్నచోట సరిపోతుంది, ప్రసార భారతి వాళ్ళ వేవ్స్ యాప్ 2024 నుంచి ఉంది, అందులో దూరదర్శన్ ఛానల్స్ వస్తాయి. నేను మాట్లాడేది డేటా లేని చోటి గురించి. ఒక గూడెంలో ఉన్న ఒక్క టవర్‌కి వందమంది ఒకేసారి వీడియో పెడితే అందరికీ తిరుగుతూనే ఉంటుంది, పైనుంచి పడే సిగ్నల్‌కి ఆ బాధ లేదు, ఒక్కడు చూసినా లక్షమంది చూసినా అది వాన లాగా అందరి మీదా ఒకేలా పడుతుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటు, ఫోన్లు రెండూ పోయి రోజుల తరబడి జనం ఎంత అల్లాడారో గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడు కారు బ్యాటరీ, ఒక డిష్ ఉన్నవాళ్ళకి వార్తలు అందుతాయి. తుఫాను నడినెత్తిన ఉన్న ఆ కొన్ని గంటలు మాత్రం ఇది కూడా ఆగుతుంది, అప్పటికి చిన్న బ్యాటరీ రేడియోనే దిక్కు, అది కూడా సర్దుకోండి.

ఇంకో సంగతి, ఇది మనకి కొత్తేం కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా సైట్ అనే ప్రయోగంలో నాసా వాళ్ళ ఏటీఎస్-6 శాటిలైట్ నుంచి ఆరు రాష్ట్రాల్లో 2400 దాకా ఊళ్ళకి నేరుగా టీవీ చూపించారు, అందులో మన ఆంధ్రప్రదేశ్ ఊళ్ళు ఉన్నాయి, తెలుగులో ప్రోగ్రాములు వచ్చాయి. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైందే 1977 అక్టోబర్‌లో. అంటే రాజధాని కంటే ముందు పల్లెటూళ్ళు డిష్ పెట్టుకుని టీవీ చూశాయి. అలాంటి చోట ఇప్పుడు టవర్ రాలేదు కాబట్టి టీవీ కూడా లేదు అనుకుని ఊరుకోవడం నాకు నచ్చదు.

నేరుగా ఫోన్‌కే టీవీ వస్తుందంట కదా, అప్పటిదాకా ఆగనా?

డైరెక్ట్ టు మొబైల్, డీ2ఎం అంటున్నది అదే. ఐఐటీ కాన్పూర్, సాంఖ్య ల్యాబ్స్ వాళ్ళు దాని మీద పనిచేశారు, ట్రయల్స్ జరిగాయి. కానీ అది నేల టవర్ల మీద నడిచేది, ఫోన్‌లో వేరే చిప్ కావాలి, ట్రయల్స్ సిటీల్లో. మారుమూలకి వెళ్ళే పని మీకు ఈ నెలలోనే ఉంటే డిష్ కొనుక్కోండి, 15 మీటర్ల ఆర్‌జీ-6 వైరు (డిష్ కేబుల్), నాలుగు ఎఫ్ పిన్నులు, ఒక స్పానర్ దాంతోపాటు తీసుకోండి, ఆ స్పానర్ సైజు మీ డిష్ బోల్టులకి సరిపోతుందో లేదో షాపులోనే పెట్టి చూడండి.